రెండో డిస్కులో నాన్న

మా కంప్యూటర్ ఆన్ చేయగానే నల్లటి తెర మీద రెండు వరుసలు వచ్చేవి. ఒకటి విండోస్ 10. రెండోది 'ఎర్లియర్ వెర్షన్ ఆఫ్ విండోస్'. అంటే, 2007లో నా చదువు కోసమని నాన్న కొన్న కంప్యూటర్‌లోని ఎక్స్‌పీ. తర్వాత కొత్త హార్డ్‌డిస్కు వేయించినా, ఆ 80 జీబీ పాత డిస్కు రెండోదిగా లోపలే ఉండిపోయింది. ఎక్స్‌పీని మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8నే వదిలేసింది. (నేను వాడుతున్న 10కీ 2025 అక్టోబరులో అదే గతి పట్టింది, అది వేరే సంగతి!) ఫొటోలకు చోటు చాలక, ఇక దాన్ని తీసేద్దామనుకున్నా.

''మీ నాన్న టైప్ చేసుకున్నవేమైనా ఉన్నాయేమో చూడరా'' అంది అమ్మ.

ఉన్నాయి. కానీ నాన్న పేరున్న ఫోల్డర్ మీద నొక్కితే 'మీకు అనుమతి లేదు' అంది కంప్యూటర్! పాత విండోస్‌లోని ఖాతా వేరు, కొత్తదాని లెక్కలో నేను పరాయివాణ్ని. పొలం పాస్‌బుక్‌లో పేరు మార్పించుకున్నట్టు, ఆ ఫోల్డర్ యాజమాన్యాన్ని నా పేరిట మార్చుకుంటేగానీ తెరుచుకోలేదు.

తీరా ఫైలు తెరిస్తే ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఇంగ్లిషు అక్షరాలకు కొమ్ములూ మీసాలూ మొలిచినట్టుంది. అప్పుడు గుర్తొచ్చింది... రిటైరయ్యాక నాన్న పట్టుబట్టి నేర్చుకున్నది అనూ ఫాంట్లలో టైపింగ్. అది యూనికోడ్ కాదు. ఆ ఫాంటు లేనిచోట అది తెలుగే కాదు! ఫైళ్లు మాత్రం దాచుకుని పాత విండోస్‌ను తుడిచేసి ఉంటే... తలచుకుంటేనే గుండె ఝల్లుమంది. దాని ఫాంట్స్ ఫోల్డర్‌లోంచి అనూ ఫాంట్లన్నీ తెచ్చి కొత్తదాంట్లో వేశా. మళ్లీ తెరిచా.

'ఆవకాయ కొలతలు - మీ అమ్మ చెప్పగా రాసినవి.'

నాన్న పోయి పదేళ్లు దాటింది. కాసేపు మౌస్ కదపలేదు.

అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఫార్మాట్ చేయబోతే ఆ ఆప్షనే పనిచేయలేదు. విండోస్ 10 ఉన్నది కొత్త డిస్కులోనే అయినా, దాన్ని నిద్రలేపే బూట్ ఫైళ్లు పాతదాంట్లో ఉన్నాయట. మొండిగా చెరిపేసి ఉంటే కొత్తదీ లేచేది కాదు. 'బీసీడీబూట్' అనే కమాండ్‌తో వాటిని కొత్త డిస్కులోకి రాయించి, ఆ పార్టిషన్‌ను యాక్టివ్ చేసి, పాతదాని కేబుల్ పీకి చూశా. లేచింది. కేబుల్ మళ్లీ తగిలించి, బయోస్‌లో కొత్త డిస్కును ముందుకు జరిపి, అప్పుడు కొట్టా ఫార్మాట్.

కొలతల కాగితం ప్రింటు తీసి అమ్మకిచ్చా. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

''ఇంత మెంతిపిండి నేనెప్పుడు చెప్పానూ? ఈయనే కలిపేసి ఉంటారు!''