కాలి కింద స్విచ్

నేను కార్లకు వైరింగు చేసి బతికినవాణ్ణి. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పయ్యేళ్ళకు పైగా ఇదే పని. మాది తెనాలి పక్క మాదిగపల్లె. మా అయ్య చెప్పులు కుట్టేవాడు. ఆరె, రంపె, తోలు నానేసే కుండ - ఇవే మా ఇంటి ఆస్తి. సెంటు భూమి లేదు. తోలుని వేళ్ళతో నొక్కి చూసి ఇది ఎన్నాళ్ళు వస్తుందో మా అయ్య చెప్పేవాడు. ఆయన చెప్పింది తప్పేది కాదు. దాన్ని చదువు అని మాత్రం ఊళ్ళో ఎవుడూ అనలేదు. 'మాదిగోడి పని' అన్నారు.

నేను ఎస్సీ సీటులో ఐటిఐ చదివాను. అక్కడ ఓమ్ సూత్రం బోర్డు మీద రాశారు, మేం నోటుబుక్కులో దింపుకున్నాం. అది వైరులో ఎట్లా నడుస్తుందో చూపించింది మాత్రం ఆటోనగర్‌లో మా ఉస్తాద్. సాయిబు. మొదటిరోజే తన టిఫిను గిన్నెలో అన్నం నాతో పంచుకున్నాడు. కులం అడగలేదు. చిన్న బల్బుకి రెండు వైర్లు కట్టి నా చేతిలో పెట్టి, "బేటా, ఓనరు అబద్ధం చెప్తాడు, కారు చెప్పదు. కారునే అడుగు" అన్నాడు.

కారుని అడగటం అంటే వరసగా అడగటం. అంబాసిడర్ కారు ఇంగ్లీషోళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టింది. వైర్ల రంగులు కూడా వాళ్ళవే. గోధుమరంగు వైరు బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు. నీలం వైరు లైటు స్విచ్ నుంచి డిప్ స్విచ్‌కి పోతుంది. అక్కణ్ణుంచి నీలం మీద తెల్లచార వైరు హై బీమ్‌కి, నీలం మీద ఎర్రచార వైరు డిమ్‌కి. నల్లవైరు ఎర్త్. అది కారు బాడీకి స్క్రూతో బిగించి ఉంటుంది. కరెంటు బ్యాటరీకి తిరిగిపోయే దారి ఆ బాడీయే. ఆ రోజుల బండ్లలో హెడ్‌లైట్లకు రిలే ఉండేది కాదు. 45 వాట్ల బల్బులు రెండు వెలిగితే ఏడున్నర ఆంపియర్ల కరెంటు అంతా ఆ రెండు స్విచ్‌ల గుండానే పోవాలి. దారిలో ఎక్కడ తుప్పు పట్టినా, ఎక్కడ స్క్రూ వదులైనా అక్కడ వోల్టేజి పడిపోతుంది. లైటు మూలుగుతుంది.

ఆ డిప్ స్విచ్ క్లచ్ పక్కన, డ్రైవరు ఎడమకాలి కింద, ఫ్లోరు మీద ఉంటుంది. కాలితో నొక్కాలి. నేను చెప్పబోయేది దాని గురించే.

1992 మొదట్లో మా వైపు ఆసామి ఒకాయన ఇంటినుంచి షాపుకి కబురొచ్చింది. సాయంత్రానికి పెళ్ళివారితో కారు బయల్దేరాలి, లైట్లు పని చెయ్యటం లేదు. ఉస్తాద్ నన్ను పంపాడు. కారు 1978 మోడలు మార్క్ 3. పెళ్ళికని కొత్తగా పెయింటు వేయించారు, అద్దంలా మెరుస్తోంది. కుడి హెడ్‌లైటు మాత్రం కిరసనాయిలు బుడ్డిలాగా ఎర్రగా ఉంది. హై బీమ్ వేస్తే ఎడమ లైటులో డిమ్ ఫిలమెంటు కూడా సన్నగా వెలుగుతోంది. అప్పటికే ఒక మెకానిక్కు బల్బులు మార్చాడు. ఇంకొకతను లైటు స్విచ్ మార్చాడు. ఏమీ కాలేదు.

"ఏ ఊరురా నీది? ఎవురబ్బాయివి?" అన్నాడు ఆసామి. చెప్పాను. ఆయన మొహం మారింది.

"బయటుండి చూడు. లోపలికి ఎక్కమాక."

"డిప్ స్విచ్ చూడాలండీ. కాలితో నొక్కేది."

"చేత్తో నొక్కు."

చేత్తోనూ నొక్కొచ్చు. తలుపు దగ్గర మోకాళ్ళ మీద వంగి, తల పెడల్స్ కింద దూర్చి నొక్కొచ్చు. ఆయనకు కావాల్సింది ఆ వంగటమే.

చుండూరు జరిగి అప్పటికి ఏడాది కాలేదు. సినిమా హాల్లో మన కుర్రాడి కాలు అగ్రకులపోడికి తగిలిందన్న గొడవ ముదిరి ముదిరి, 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని నరికి చంపారు. శవాలను గోతాల్లో కట్టి కాలవలో పడేశారు. తెనాలి వైపు ఏ పల్లెలోనైనా ఆ ఏడు మన కాళ్ళు మనకే బరువయినాయి. ఎక్కడ పెట్టాలన్నా చూసుకుని పెట్టేవాళ్ళం. కారు తలుపు పట్టుకుని నిలబడ్డప్పుడు నాకు అదంతా గుర్తుంది. భయం లేదని చెప్పను.

సీట్లో కూర్చున్నాను. ఎడమకాలితో నొక్కాను. టక్కుమని హై బీమ్, టక్కుమని డిమ్. ఆసామి పళ్ళు కొరికాడు గానీ పైకేమీ అనలేదు. పెళ్ళి ముహూర్తం నాకు కాపలా కాసింది.

స్విచ్ బాగుంది. ఎడమ లైటు బాగుందంటే కరెంటు అందాకా సరిగ్గానే వస్తున్నట్టు. తప్పు కుడివైపే ఉంది. దిగి, కుడి బల్బు ఎర్త్ కొసకీ బ్యాటరీ ఎర్త్ కొసకీ మధ్య మీటరు పెట్టాను. లైటు వెలుగుతుండగా అక్కడ అర వోల్టు కూడా చూపించకూడదు. నాలుగు వోల్టులు చూపించింది. ఒక వైరు ముక్కతో బల్బు ఎర్త్‌ని నేరుగా బ్యాటరీ ఎర్త్ కొసకి కలిపాను. లైటు తెల్లగా భగ్గుమంది.

మడ్‌గార్డు లోపల నల్లవైరు స్క్రూ విప్పితే సంగతి తేలింది. పెయింటరు కింద రేకు మీద కూడా పెయింటు కొట్టి, దానిమీదే స్క్రూ బిగించాడు. పెయింటు కరెంటుని పోనివ్వదు. తిరిగిపోయే దారి మూసుకుపోయేసరికి కరెంటు అదే బల్బులో డిమ్ ఫిలమెంటు గుండా వెనక్కి తిరిగి, ఎడమ బల్బు గుండా దారి వెతుక్కుంది. అందుకే ఆ సన్నటి వెలుగు. గరుకు కాయితంతో రేకు మెరిసేదాకా గీకి, స్క్రూ బిగించి, తుప్పు పట్టకుండా కొంచెం గ్రీజు రాశాను. పది నిమిషాల పని.

డబ్బులు చేతికివ్వలేదు. బానెట్ మీద పెట్టాడు. తీసుకున్నాను. ఆ నెల మా ఇంట్లో బియ్యం వాటితోనే వచ్చినాయి.

తర్వాత డ్రైవరు చెప్పాడు - పెళ్ళినుంచి తిరిగొచ్చాక, నేను కూర్చున్నానని సీటు మీద, కాళ్ళు పెట్టానని ఫ్లోరు మీద బిందెలతో నీళ్ళు పోసి కడిగించారట. వానాకాలంలో అదే కారు ఆటోనగర్‌లో మా షాపు ముందుకొచ్చింది. లైట్లు మొత్తం పోయినాయి. ఫ్లోరు మ్యాటు ఎత్తితే కింద రేకు తుప్పు, డిప్ స్విచ్ లోపల పచ్చగా చిలుం. ఉస్తాద్ కొత్త స్విచ్ వేయమన్నాడు. బిల్లు నన్నే రాయమన్నాడు. 'డిప్ స్విచ్ ఒకటి, కూలి. చెడిపోయిన కారణం: కారు లోపల నీళ్ళు పోసి కడగటం' అని రాశాను. ఆసామి చదువుకున్నాడు. ఈసారి డబ్బులు ఉస్తాద్ చేతికిచ్చాడు. ఉస్తాద్ ఆయన చూస్తుండగానే వాటిని నా చేతిలో పెట్టాడు.

ఎర్త్ అంటే భూమి. సెంటు భూమి లేనివాణ్ణి, ఊళ్ళో కార్లన్నిటికీ భూమి కలిపే పని చేశాను. లైటు పోతే అందరూ బల్బునే తిడతారు. కంటికి కనపడేది అదే గనక. కింద, మడ్ కొట్టే చోట, ఎవుడూ వంగి చూడని స్క్రూ వల్ల అది వెలుగుతుందని ఎవుడికీ పట్టదు. ఈ దేశం నడిచేదీ అంతే.

2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. పాత బండ్లు ముచ్చటకి దాచుకునేవాళ్ళు ఇప్పటికీ నా దగ్గరికి తెస్తారు. ఎక్కువ వాట్ల బల్బులు వేసి స్విచ్ మాడ్చుకుని వస్తారు. రిలేలు పెట్టి, లావు వైరు లాగి పంపిస్తాను. 'సార్' అంటారు. టీ తాగుతూ మెల్లగా ఇంటిపేరు అడుగుతారు.

చదువుకునే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక మాట. మా అయ్య తోలు నొక్కి తెలుసుకున్నదీ, నేను వైరు పట్టి తెలుసుకున్నదీ ఒకే జాతి చదువు. మన వాడల్లో అట్లాంటి చేతులు ఇంకా ఉన్నాయి. డప్పు మూసేవాళ్ళు, తోలు ఊనేవాళ్ళు, బావులు తవ్వినవాళ్ళు. వాళ్ళ దగ్గర కూర్చుని అడగండి, వరసగా అడగండి. రాసుకోండి. మా అయ్య దగ్గర కూర్చుని రాసినవాడు ఎవుడూ లేడు. ఆ తోలు లెక్క ఆయనతోనే మట్టిలోకి పోయింది.