ఈ జాగ విలువ ఎంత?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు పూర్వ విద్యార్థిగా ఏదైనా రాయమని వార్డెన్ సారు ఫోన్ చేసినప్పుడు ముందు నాకు భయం వేసింది. ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు ఈ గోడల మధ్యనే పెరిగాను. అయినా నేనేమంత గొప్పవాణ్ణి అయ్యానని రాయాలి? ఎం.ఏ. అర్థశాస్త్రం ఈ ఏడే పూర్తి చేశాను. ఇంకా ఉద్యోగం లేదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. అంతకు మించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. అయితే మొన్న జడ్చర్ల వచ్చినప్పుడు విన్న ఒక మాట నా చేత ఇది రాయిస్తున్నది.

హాస్టల్‌కు దగ్గరలో ఉన్న హోటల్లో చాయ్ తాగుతున్నాను. పక్క బల్ల దగ్గర ఇద్దరు పెద్దమనుషులు మాట్లాడుకుంటున్నారు. "ఇంత మంచి జాగల హాస్టలేంది? ఇక్కడ కాంప్లెక్స్ పడితే కోట్లు గదా" అన్నాడు ఒకాయన. "పోరగాండ్లను ఊరి బయట ఏడనన్న ఉంచొచ్చు" అన్నాడు రెండో ఆయన. వాళ్ళకు మన మీద కోపమేమీ లేదు. ఇప్పుడు మన దగ్గర ఏ జాగను చూసినా ముందు ధరే గుర్తుకొస్తుంది. కానీ ఆ మాట నాకు ముల్లులాగా గుచ్చుకుంది. ఎందుకంటే అదే ప్రశ్న రెండు నెలల ముందు మా ఇంట్లో కూడా వచ్చింది.

జడ్చర్ల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. హైదరాబాదు నుంచి బెంగుళూరు పోయే జాతీయ రహదారి మీది ఊరు. రైలు ఉంది, బాదేపల్లి మార్కెట్ యార్డు ఉంది. పోలేపల్లి దగ్గర మందుల కంపెనీల సెజ్ ఉంది. 2021లో మున్సిపాలిటీకి ఎన్నికలు కూడా జరిగాయి. ఊరు పెరిగినకొద్దీ చుట్టుపక్కల చేన్లన్నీ వెంచర్లు అవుతున్నాయి. నిన్న పత్తి ఉన్నచోట ఈ రోజు హద్దు రాళ్ళు, రంగు జెండాలు.

మాది జడ్చర్లకు ఆరు కిలోమీటర్ల దూరంలో పల్లె. మాకున్నది 30 గుంటల భూమి. మా నాయిన గుంపు మేస్త్రీ కింద ముంబయి, పుణె పోయి మట్టి పని, కాంక్రీటు పని చేసి, ఆ పైసలతో కొన్నది. పాలమూరు లేబర్ అంటే దేశమంతా ఎరుక. పెద్ద పెద్ద డ్యాములకు, మేడలకు మన జిల్లా వాళ్ళ చెమట తగలని చోటు తక్కువ. ఊళ్ళను కట్టినవాళ్ళ దగ్గరికి ఇప్పుడు ఊరే నడిచి వస్తున్నది. మా చేను పక్కన వెంచర్ పడింది. ఒక మధ్యవర్తి వచ్చి మా 30 గుంటలు కూడా అడిగాడు.

నాయిన నన్ను పిలిచి, "కొడుకా, నువ్వు గిదే చదువు చదివినవు గదా. గీ భూమికి ఎంతొస్తె న్యాయమో లెక్క చెప్పు" అన్నాడు. ఐదేళ్ళు కాలేజీలో అర్థశాస్త్రం చదివినవాణ్ణి ఆ మాటకు జవాబు చెప్పలేకపోయాను.

ఒక్కటి మాత్రం వెంటనే కనబడింది. మన దగ్గర కొనేటప్పుడు ఎకరాల్లో, గుంటల్లో మాట్లాడతారు. అమ్మేటప్పుడు గజాల్లో మాట్లాడతారు. గుంటకు 121 గజాలు. అంటే మా 30 గుంటలు 3,630 గజాలు. రోడ్లకు, ఖాళీ స్థలానికి కొంత పోయినా, గజం ధర విన్నాక నాయిన చాలాసేపు మాట్లాడలేదు. కానీ అది ధర లెక్క. ఆయన అడిగింది న్యాయం లెక్క.

అప్పుడు నేను క్లాసులో నేర్చుకున్న ఒక పద్ధతి గుర్తుకొచ్చింది. ఒక పనికి పెట్టిన ప్రతి రూపాయికి సమాజానికి ఎంత మేలు జరిగిందో లెక్కకట్టే ఆ పద్ధతి 1990లలో అమెరికాలో మొదలైంది. బ్రిటన్‌లో 2012లో ఒక చట్టమే వచ్చింది. ప్రభుత్వ సంస్థలు సేవల కాంట్రాక్టులు ఇచ్చే ముందు ఆ ప్రాంతానికి కలిగే సామాజిక మేలును కూడా ఆలోచించాలని అది చెబుతుంది. పద్ధతి వినడానికి పెద్దదే కానీ, అందులోని ప్రశ్నలు మన అవ్వలు కూడా అడిగేవే. ఎవరెవరి బతుకులో ఏమి మారింది? ఇది రాకపోయినా ఆ మార్పు వచ్చేదా? ఒకరికి పెరిగింది ఇంకొకరి దగ్గర తగ్గిందా? ఆ మేలు ఎన్నాళ్ళు నిలుస్తుంది?

నోటుబుక్కు తీసుకుని పక్క వెంచర్ మీదనే ఆ ప్రశ్నలు వేశాను. మేలు లేదంటే అబద్ధమవుతుంది. వెంచర్ కోసం వేసిన రోడ్డు మా వాడ దాకా వచ్చింది. మొన్న వానాకాలం రాత్రి ఒక అక్కకు నొప్పులొస్తే 108 బండి ఇంటి ముందరికే వచ్చింది. వెనుక అయితే మంచం మీద మోసుకుపోయేవాళ్ళు. రెండు వీధి దీపాలు వచ్చాయి. భూమి అమ్మిన పటేలు, కొన్నవాళ్ళు, మధ్యవర్తి అందరూ బాగుపడ్డారు. సెజ్‌లో మా చెల్లె ప్యాకింగ్ పని చేస్తుంది. నెల నెలా జీతం వస్తుంది. ఆ జీతమే నా ఎం.ఏ. ఫీజు కట్టింది.

ఇక రెండో వైపు. ఆ చేన్లో కలుపుకు, పత్తి ఏరడానికి మా వాడ నుంచి ఇరవై మంది ఆడవాళ్ళు పోయేవాళ్ళు. ఇప్పుడు అక్కడ ఉన్న కొలువు ఒక్కటే, వాచ్‌మన్ కొలువు. ప్లాట్లు చాలావరకు ఖాళీగానే ఉన్నాయి, సర్కారు తుమ్మ మొలిచింది. ఆ ఇరవై మంది పేర్లు ఏ రిజిస్ట్రేషన్ కాగితంలోనూ లేవు. భూమి వాళ్ళది కాదు కాబట్టి వాళ్ళు పోగొట్టుకున్నది కూడా ఏమీ లేదని కాగితం అంటుంది.

సర్కారు భూమి తీసుకుంటే సంగతి కొంత వేరు. పోలేపల్లి భూములు తీసుకున్న నాటికి 1894 నాటి పాత చట్టమే ఉండేది. అక్కడ భూములు పోయినవాళ్ళు న్యాయం కోసం పోరాడి, 2008 జడ్చర్ల ఉప ఎన్నికలో అభ్యర్థులుగా కూడా నిలబడ్డారు. 2014 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన 2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనా అనే మాట తెచ్చింది. మూడేళ్ళుగా ఆ భూమి మీద ఆధారపడి బతుకుతున్న కూలీలను, కౌలుదారులను కూడా బాధిత కుటుంబాలుగా గుర్తించింది. కానీ ఒకాయన ఇష్టపడి అమ్మి, ఇంకొకాయన కొని ప్లాట్లు చేస్తే ఆ అంచనా ఎవరూ వేయరు. మన చుట్టూ పెరుగుతున్న ఊరిలో ఎక్కువ భాగం ఇట్లా పెరుగుతున్నదే. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు ఎన్ని అడుగుల రోడ్డు, ఎంత ఖాళీ స్థలం అని అడుగుతారు. ఈ చేన్లో నిన్నటిదాకా ఎవరు బతికారు అని కూడా ఒక్క కాగితం అడగాలని నా అభిప్రాయం.

నా లెక్క పూర్తయిందనుకుని ఆ రాత్రి మా భూమి జాబితా అమ్మకు చదివి వినిపించాను. పత్తి ఇంత, కందులు ఇంత, ఖర్చు పోను మిగిలేది ఇంత. అమ్మ విని, "ఇంతేనారా?" అన్నది. తర్వాత వేళ్ళ మీద చెప్పడం మొదలుపెట్టింది. "గట్ల మీది గంగవాయిలి కూర రాసినవా? పొయ్యిలకు పత్తికట్టె? బర్రెకు గడ్డి?" నేను రాసుకుంటూ పోయాను. చివరికి అమ్మ అన్నది: "గీ భూమి కొన్నంక నేను ముంబయి బస్సెక్కలే. అది రాసినవా?"

నా పెన్ను ఆగిపోయింది. ఆ 30 గుంటల్లో ఏటా మిగిలేది చాలా తక్కువ. కానీ దాని వల్ల మా అమ్మ పరాయి ఊళ్ళో ప్లాస్టిక్ గుడిసెలో పండుకోలేదు. చెల్లె బడి మానలేదు. నాయిన జ్వరంతో ఉన్నప్పుడు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకోవలసిన పని పడలేదు. దీనికి గజానికి ఎంత అని వేయాలి?

మధ్యవర్తికి నాయిన ఇప్పటికైతే అమ్మం అని చెప్పాడు. రేపు చెల్లె పెళ్ళి వస్తే ఏమంటామో నాకు తెలియదు. అమ్మినవాళ్ళు తప్పు చేశారని నేను అనను. అప్పు ఉన్నవానికి ధరే దారి. కానీ అమ్మే ముందు మా ఇంట్లో అమ్మ లెక్క కూడా రాసి చూశాము. అంతవరకు నాకు తృప్తి.

తమ్ముళ్ళారా, ఇప్పుడు మన హాస్టల్ జాగ దగ్గరికి వస్తాను. ఇది లేకపోతే ఏమయ్యేది అన్నదే ఆ పద్ధతిలో అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. నాకు మాత్రం దానికి జవాబు మా ఇంట్లోనే ఉంది. మా పెద్దనాయిన కొడుకు, నేను ఒకే ఏడు పుట్టాము. లెక్కల్లో నాకంటే వాడే హుషారు. ఐదో తరగతి అయ్యాక నన్ను ఈ హాస్టల్లో చేర్చారు. వాణ్ణి వెంట ముంబయి తీసుకుపోయారు. వాడు పద్నాలుగేళ్ళకే ఇటుకలు మోశాడు. ఇప్పుడు హైదరాబాదులో సెంట్రింగ్ పని చేస్తాడు. నిజం చెప్పాలంటే ఈ రోజు వాడే సంపాదిస్తున్నాడు, నాకు ఇంకా జీతమే లేదు. కానీ ఇరవై మూడేళ్ళకే వాడికి నడుము నొప్పి. మొన్న పండుగకు వచ్చి మేస్త్రీ రాయించుకున్న కాగితం నా ముందు పెట్టి, "ఇండ్ల ఏముందో జర చదివి చెప్పురా" అన్నాడు. మా ఇద్దరికీ తేడా తెలివిలో లేదు. ఒక మంచం, రెండు పూటల అన్నం, సాయంత్రం స్టడీ అవర్, బడికి నడిచి పోయేంత దగ్గర దూరం. అంతే తేడా.

అందుకే హాస్టల్‌ను ఊరి బయట ఏడనన్న పెట్టొచ్చు అన్న మాట నాకు నచ్చలేదు. బడి, ఆసుపత్రి, బస్టాండు దగ్గర ఉండడం షాపులకే కాదు, మనకూ అవసరమే. ఊరి నడుమ మన పిల్లలు కనబడడం కూడా ఆ జాగ విలువలో భాగమే.

ఆ రోజు హోటల్లో నేను ఏమీ అనకుండా లేచి వచ్చాను. ఆ తప్పు ఇక్కడ దిద్దుకుంటున్నాను. మీరు మాత్రం ఊరుకోకండి. ఎవరైనా ఈ జాగ ధర ఎంత అని అడిగితే ధర చెప్పండి, తెలుసుకుని మరీ చెప్పండి. ఆ తర్వాత ఈ గదుల్లో చదువుకుని పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటిగా చెప్పండి. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఒక నోటుబుక్కు తీసుకుపోండి. మీ భూమి విలువ, లేదా మీరు కూలికి పోయే భూమి విలువ, మీ అమ్మను అడిగి రాసుకురండి.

ఇట్లు,
మీ అన్న,
పూర్వ విద్యార్థి, ఎం.ఏ. (అర్థశాస్త్రం)