చెట్టు చుట్టూ నీళ్ళు

గుంటూరుకి ఎనిమిది కిలోమీటర్ల దూరాన, పెదకాకాని మండలంలో ఉంది ఉప్పలపాడు. చుట్టూ వరి, మిరప, పత్తి చేలు. ఊరి చెరువులో నీళ్ళ మధ్య సర్కారు తుమ్మ చెట్లు, వాటి కొమ్మకొమ్మకీ గూళ్ళు. ఆ పక్షులకు నేను వాచర్‌ని.

పొద్దున్నే గట్టెక్కగానే ముందు చెట్ల మొదళ్ళు చూస్తాను. నీళ్ళు నిన్నటి తడి గీత దాకా ఉన్నాయా, జానెడు దిగాయా అని. పనిలోకి కొత్తగా వచ్చే కుర్రాళ్ళకీ అదే చెబుతాను: నీళ్ళు ముందు, పక్షులు తర్వాత. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, తెల్ల కంకణాలు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు ఇళ్ళ నడుమ ఇంత ధైర్యంగా కాపురం పెట్టటానికి ఆ నీళ్ళే కారణం. చెట్టు చుట్టూ లోతున్నంత కాలం పిల్లి చెట్టెక్కదు, కొమ్మ మీంచి జారిన పిల్లని కుక్క ఎత్తుకుపోదు. బురద తేలితే ఆ రెండూ జరుగుతాయి. బెదిరిన గుంపు గుడ్లనైనా వదిలేసి లేచిపోతుంది.

గూడబాతు మూడు నాలుగు గుడ్లు పెట్టి, నెల్లాళ్ళు పొదుగుతుంది. పిల్ల రెక్కలు విప్పటానికి మరో మూడు నెలలు పైగానే పడుతుంది. వానలు వెనకబట్టాక మొదలైన గూళ్ళు ఎండాకాలం దాకా సాగుతాయి. అన్నాళ్ళూ చెరువు నిండుగా ఉండాలి. కాపలా అంటే మాకు ఇదే లెక్క.

పొద్దెక్కి నేల కాగే వేళ చూడాల్సిన వేళ. అప్పటిదాకా కొమ్మల మీద బద్ధకంగా కూర్చున్న గూడబాతులు ఒక్కొక్కటే లేస్తాయి. నల్లరేగడి మీంచి లేచే వేడిగాలిని పట్టుకుని, రెక్క ఆడించకుండానే గుండ్రంగా తిరుగుతూ పైకి పోతాయి. చూస్తుండగానే చుక్కలంత అయిపోతాయి. ఆ ఎత్తు నుంచి జారుకుంటూ చేపల కోసం కాలవల మీదికీ, దూరపు చెరువుల మీదికీ పోతాయి. అంత బరువున్న పక్షి రెక్కలు ఆడిస్తూ రోజూ అంత దూరం తిరగలేదు. వేడిగాలి దానికి చాలా శ్రమ తగ్గిస్తుంది.

నత్తగుల్ల కొంగని దగ్గరగా చూస్తే ముక్కు మధ్యలో సందు కనపడుతుంది. నత్తలు తినే పక్షి అది. పిల్లకి ఆ సందుండదు, ముక్కు కుదురుగా మూసుకుంటుంది. పెరిగే కొద్దీ సందు తేలుతుంది. పిల్ల ఏదో పెద్దది ఏదో మేం గుర్తుపట్టే గుర్తుల్లో అదొకటి.

చూడటానికి వచ్చేవాళ్ళలో చాలామంది, "ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చాయంట కదన్నా" అంటారు. నేను ఓపిగ్గా చెబుతాను. చలికాలంలో చీకటి పడేముందు మబ్బులా వాలే గులాబీ గోరింకలు మధ్య ఆసియా నుంచి వస్తాయి, నిజమే. గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ మాత్రం మన దేశపు పక్షులు. నీళ్ళూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి సర్దుకుంటూ ఇక్కడిక్కడే తిరుగుతాయి. ఈ జాతి గూడబాతు గూడు కట్టే చోట్లు ప్రపంచం మొత్తం మీద దక్షిణ భారతం, అస్సాం, శ్రీలంక, కంబోడియా వంటి కొన్నే. అతిథులని చేతులు జోడించి ఊరుకుంటే సరిపోదు. ఇవి మన ఇంటివి.

ఫోటో కోసం గూళ్ళ దగ్గరికి పోతామన్న వాళ్ళని నేను గట్టిగానే ఆపుతాను. బెదిరిన గూడబాతు పిల్ల తల్లి తినిపించిన చేపనంతా కక్కేస్తుంది. అది తల్లి ఎక్కడెక్కడో తిరిగి తెచ్చిన తిండి. సంక్రాంతి పోయాక కొమ్మలకి చుట్టుకున్న మాంజా దారం వెతికి తీయటం ఇంకో పని. రెక్కకి చిక్కితే పక్షి ఎంత గింజుకుంటే దారం అంత లోపలికి దిగుతుంది. ఏళ్ళ తరబడి రెట్ట పడీ పడీ చెట్లు ఎండిపోతాయి. కొమ్మలు చాలక ఇక్కడ ఇనప స్టాండ్లతో కృత్రిమ చెట్లు నిలబెట్టారు. వాటి మీదా గూళ్ళు కట్టుకుంటున్నాయి.

మిరపకి మందు కొట్టే రోజుల్లో నా కళ్ళు కాలవ మీద ఉంటాయి. స్ప్రేయర్ ట్యాంకు నీళ్ళలో ముంచబోతుంటే, "బాబాయ్, నీళ్ళు బిందెతో తోడుకుని ఎడంగా కడుక్కో" అంటాను. నత్త తాగిన విషం కొంగ కడుపులోకి, చేప తాగినది గూడబాతు పిల్ల నోట్లోకి పోతుందని విడమరిస్తే రైతు కాదనడు.

1946లో కె.కె. నీలకంఠన్ అనే కేరళ పక్షి పరిశీలకుడు పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో గూడబాతుల పెద్ద స్థావరాన్ని చూసి దాని గురించి రాశారు. కొన్ని దశాబ్దాలకే అది ఖాళీ అయింది. ఊరు ఉంది, పక్షులు లేవు. ఉప్పలపాడుకి ఆ గతి పట్టకూడదని నా తపన.

అందుకే మా ఊరి పెద్దల్నీ, నీటిపారుదల వాళ్ళనీ ఏటా ఒక్కటే అడుగుతాను. కళ్ళాల్లో మిరపకాయలు ఎండే రోజులకి గూళ్ళలో పిల్లలు సగం రెక్కలతో ఉంటాయి. ఆ తర్వాత కాలవలు కట్టేస్తారు. కట్టేసే ముందే ఈ చెరువుని నిండా నింపండి. మిగతా కాపలా మేం చూసుకుంటాం.