అక్షరానికి ఎంత చోటు?

తెలుగు ఉపాధ్యాయునికి వర్ణమాల నిశ్చితమైన వస్తువు. పలక మీద వ్రాసినా, రాతి మీద చెక్కినా 'ష' అనగా 'ష'యే. కంప్యూటరులో మాత్రం అక్షరానికి ఎంత చోటు అన్న ప్రశ్నకు రెండు సమాధానాలున్నవి. సి భాషలో 'వైడ్ క్యారెక్టర్' అనే రకం ఒకటి కలదు, దానిని విశాలాక్షరమందాము. దాని పరిమాణం విండోస్‌లో రెండు బైట్లు, లినక్స్‌లో సాధారణంగా నాలుగు.

1991లో యూనికోడ్ వెలువడిన నాడు ప్రపంచ లిపులకు 65,536 స్థానాలు చాలుననుకొన్నారు. 1993 నాటి విండోస్ ఎన్‌టీ ఆ కొలతనే స్వీకరించింది. 1996లో హద్దు పెంచవలసి వచ్చింది. అప్పటికే కట్టిన ఇంటిని ఎవరు కూల్చగలరు? సి ప్రమాణమేమో ఆ పరిమాణాన్ని కంపైలర్ నిర్మాతలకే విడిచిపెట్టింది.

దీని ఫలితాన్ని నేను ఒక ఉపకారవేతనాల జాబితాలో కళ్లారా చూచాను. లినక్స్‌లో పేర్లను విశాలాక్షరాలుగా యథాతథంగా భద్రపరచి, ఆ ఫైలును విండోస్ యంత్రంలో చదివించారు. మా ప్రాంతంలో 'షేక్'తో మొదలయ్యే పేర్లు కొల్లలు గదా, పుటంతా 'ష' 'ష' 'ష'. ఏత్వం కూడా దక్కలేదు. ఉర్దూలో వ్రాసిన 'ముహమ్మద్' పేర్లన్నీ మీమ్ దగ్గరే ఆగిపోయినవి. వేతనం ఎవరికి రావలెనో చెప్పగలవారు లేరు. 'ష' సంఖ్య 3127; అది రెండు బైట్లలోనే ఇముడుతుంది. నాలుగింటిలో వ్రాసినప్పుడు తక్కిన రెండూ సున్నలు. రెండేసి బైట్లు చదివే ప్రోగ్రాముకు 'ష' వెంటనే సున్న ఎదురవుతుంది. సి భాషలో సున్న అనగా పదం సమాప్తం. జాబితాను యూటీఎఫ్-8 పద్ధతిలోనికి మార్పించిన పిమ్మట పేర్లు తిరిగి వచ్చినవి.

కంపైలర్ విషయంలో ఈ చిక్కు మరింత సూక్ష్మం. లినక్స్ మీద నడుస్తూ విండోస్ కొరకు ప్రోగ్రాం తయారుచేసే కంపైలర్, అందలి పదాలను తాను నడిచే యంత్రపు కొలతతో కాక, ప్రోగ్రాం చేరబోయే యంత్రపు కొలతతో పరచవలెను. పదం పొడవును ముందుగా లెక్కించునపుడూ అంతే. గాజులమ్మే ఆమె పెళ్లికూతురి చేయి చూడక తన చేతి కొలత ఇచ్చుకొంటుందా?

బైట్లు కుదించినంత మాత్రాన కూడా పని తీరదు. మన లిపికి మూలమైన బ్రాహ్మి 2010లో యూనికోడ్‌లో చేరింది. దాని స్థానాలు 65,536 హద్దుకు ఆవల ఉన్నవి. కనుక బ్రాహ్మిలోని 'క' లినక్స్‌లో ఒక విశాలాక్షరం, విండోస్‌లో రెండు. దానిని జంటగా విడదీయక పై సగాన్ని కోసివేసే కంపైలర్ చేతిలో బ్రాహ్మీ అక్షరం మరేదో అక్షరమైపోతుంది.