తలుపు దగ్గర నిలబడ్డవాడు

ఫుట్‌బాల్ జట్టులో పదిమంది ఒక జాతి, గోలు కాచేవాడు ఒక్కడూ ఒక జాతి. వాడి చొక్కా రంగు వేరు, వాడికి వర్తించే నిబంధన వేరు. తక్కినవాళ్ళకు చేతులు నిషిద్ధం, వాడికి చేతులే బతుకు. ముందువరసలో ఆడేవాడు పది అవకాశాలు పోగొట్టి ఒక్క గోలు కొడితే భుజాలమీద ఊరేగిస్తారు. వీడు పది బంతులు పట్టి ఒక్కటి వదిలితే సాయంత్రం టీ కొట్టు దగ్గర ఆ ఒక్కదాని గురించే చెప్పుకుంటారు.

ఇది నాకు ఎవరో చెప్పిన సంగతి కాదు. నేను కోలారు బంగారు గనుల ఊళ్ళో పెరిగినవాణ్ణి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడం, గని ఆఫీసులో ఇంగ్లీషు. ఇన్ని భాషల పిల్లలకు ఉమ్మడిగా ఉన్నది ఫుట్‌బాల్ ఒక్కటే. పొడుగ్గా ఉన్నానని నన్ను రెండు రాళ్ళ మధ్య నిలబెట్టేవారు. అప్పటినుంచీ ఎక్కడ ఏ గోలీ కథ కనిపించినా నా కళ్ళు అక్కడ ఆగుతాయి. అలా ఆగిన పేర్లలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది స్పెయిన్ దేశపు హోసే ఆంఖెల్ ఇరిబార్ పేరు. ఆ ఆలోచనలకూ మన పత్రిక పాఠకులకూ సంబంధం ఉందనిపించి ఇది రాస్తున్నాను.

ఇరిబార్ 1943 మార్చి 1న సరౌత్స్ అనే సముద్రతీరపు ఊళ్ళో పుట్టాడు. అది స్పెయిన్ ఉత్తరాన, ఫ్రాన్సు సరిహద్దుకు దగ్గరలో ఉన్న బాస్కు సీమ. అక్కడివాళ్ళ భాష పేరు ఎవుస్కరా. చుట్టుపక్కల ఉన్న స్పానిష్‌తోగాని, ఫ్రెంచితోగాని, ప్రపంచంలో తెలిసిన మరే భాషతోగాని దానికి చుట్టరికం తేలలేదు. బాస్కు మనిషిని ఆ భాషలో 'ఎవుస్కల్దున్' అంటారు. అంటే 'ఎవుస్కరా కలిగినవాడు' అని అర్థం. పొలం కలిగినవాడు, ఇల్లు కలిగినవాడు అన్నట్టు, భాష కలిగినవాడు! మనిషిని అతని ఆస్తితో కాక అతని భాషతో గుర్తించే ఆ మాట చదివినప్పుడు చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

ఇరిబార్ పుట్టేనాటికి ఆ ఆస్తిమీద జప్తు ఉంది. 1939లో అంతర్యుద్ధం గెలిచిన ఫ్రాంకో పాలనలో బాస్కు భాషకు బడిలో చోటు లేదు, కచేరీలో చోటు లేదు. బాస్కు జెండా నిషిద్ధం. చివరికి ఆటల జట్ల పేర్లు కూడా తప్పించుకోలేదు. బిల్బావో నగరపు ప్రసిద్ధ జట్టు 'అథ్లెటిక్ క్లబ్' ఇంగ్లీషు పేరు పెట్టుకుందని, 1941లో దాన్ని 'అత్లెతికో'గా మార్పించారు. పాత పేరు తిరిగి రావడానికి 1972 దాకా పట్టింది.

బాస్కు ఆటగాళ్ళతోనే ఆడాలన్నది ఆ జట్టు నియమం. 1962లో, పంతొమ్మిదేళ్ళ వయసులో ఇరిబార్ అందులో చేరాడు. పొడుగ్గా, సన్నగా, నల్లటి దుస్తుల్లో ఉండే అతన్ని జనం 'చోపో' అన్నారు. అది నిటారుగా పెరిగే ఒక చెట్టు పేరు. రెండేళ్ళు తిరక్కుండానే 1964లో స్పెయిన్ జట్టుకు ఐరోపా కప్పు ఫైనల్లో గోలు కాచాడు. ఎదుటి గోలులో ఉన్నవాడు సోవియట్ దేశపు లెవ్ యాషిన్. స్పెయిన్ 2-1తో గెలిచింది. 1966లో స్పెయిన్ కప్పు ఫైనల్లో బిల్బావో జట్టు సరగోసా చేతిలో 2-0తో ఓడిపోయింది. ఓడిన జట్టులో ఉన్నా, ఆ రోజు అతను ఆపిన బంతులను చూసిన జనం అతన్నే భుజాలకెత్తుకున్నారు. గోలీ గొప్పతనం తెలిసిన జనం లోకంలో ఒకచోటైనా ఉన్నారన్నమాట!

ఆ తరువాత 1969లోను, 1973లోను ఆ కప్పు గెలిచాడు. మొత్తం పద్ధెనిమిదేళ్ళు ఒకే జట్టుకు 614 ఆటలు ఆడాడు. స్పెయిన్ తరఫున 49 సార్లు ఆడి, అంతకుముందు రికార్డుగా ఉన్న రికార్దో సమోరా 46 ఆటలను దాటాడు.

అతని పేరు ఆట తెలియనివాళ్ళ నోట కూడా నిలిచిపోయింది మాత్రం 1976 డిసెంబరు 5న. ఫ్రాంకో చనిపోయి ఏడాది దాటింది గాని జెండామీద నిషేధం తొలగలేదు. ఆ రోజు సాన్ సెబాస్టియన్ పట్టణంలో అక్కడి రియల్ సొసియెదాద్ జట్టుకూ బిల్బావోకూ పోటీ. రెండూ బాస్కు జట్లే. ఉరాంగా అనే రియల్ సొసియెదాద్ ఆటగాడు, తన సోదరి కుట్టిన జెండాను మైదానంలోకి దొంగచాటుగా తెచ్చాడు. ఇరిబార్ తన జట్టువాళ్ళందరినీ అడిగి, అందరూ సరేనన్నాకే ఒప్పుకున్నాడు. రెండు జట్ల నాయకులు, ఇరిబార్ ఒక కొస, కొర్తాబారియా ఒక కొస పట్టుకొని మైదానం నడిమికి నడిచారు. వెనక రెండు జట్లవాళ్ళూ నడిచారు. తరువాత మామూలుగా ఆట మొదలైంది. ఇరిబార్ జట్టు 5-0తో చిత్తుగా ఓడింది. మరుసటి నెలలో, 1977 జనవరిలో, ఆ జెండాపై నిషేధం తొలగింది.

ఈ ఘట్టం చదివితే ఎవరికైనా ఒళ్ళు పులకరిస్తుంది. కాని నాకు దీనికంటే అతని 49 ఆటల సంగతి ఎక్కువ ఆలోచన కలిగిస్తుంది. స్పెయిన్ గోలు ముందు పన్నెండేళ్ళు నిలబడ్డ చేతులే బాస్కు జెండా పట్టుకున్నాయి. భాషా అల్పసంఖ్యాకుల్ని లోకం ఎప్పుడూ 'నువ్వు అటా, ఇటా?' అని అడుగుతుంది. మనల్ని మాత్రం అడగలేదా? కన్నడ సీమలో ఉన్నంత మాత్రాన తెలుగు మానాలా, తెలుగు మాట్లాడినంత మాత్రాన కన్నడానికి పరాయివాళ్ళమా? ఇరిబార్ కథ అక్కడ ఇంకో మలుపు కూడా తిరిగింది. 1978లో ఏర్పడిన హెర్రి బతాసునా అనే వేర్పాటువాద పక్షపు తొలి నాయకుల్లో అతనూ ఉన్నాడు. తరువాత దాని నుంచి తొలగిపోయాడు. హింసతో అల్లుకుపోయిన ఆ రాజకీయం మన దారి కాదు, కాకూడదు కూడా. అయితే అతను వెళ్ళిన ఇంకో దారి ఉంది. అది మనదే.

1977 సంవత్సరం అతనికి చేదుగా గడిచింది. ఐరోపా స్థాయి కప్పు ఫైనల్ జువెంటస్ చేతిలో పోయింది. కొద్దివారాలకే స్పెయిన్ కప్పు ఫైనల్లో బెతిస్ జట్టుతో ఆట సమంగా ముగిసి, పెనాల్టీ కిక్కుల దాకా వచ్చింది. చివరికి గోలీలే వచ్చి కొట్టాల్సి వచ్చింది. ఇరిబార్ కొట్టిన బంతిని ఎదుటి గోలీ ఎస్నావోలా ఆపాడు. కప్పు పోయింది. ఆ ఎస్నావోలా కూడా బాస్కువాడే!

1980లో ఇరిబార్ ఆటనుంచి విరమించుకున్నాడు. అక్కడ పెద్ద ఆటగాళ్ళకు వీడ్కోలు ఆట పెట్టి, టిక్కెట్ల రాబడిని ఆ ఆటగాడికి కానుకగా ఇవ్వడం ఆనవాయితీ. ఇరిబార్ ఆ డబ్బును బాస్కు భాషలో క్రీడా పదాల నిఘంటువు తయారు చేయడానికి ఇచ్చాడు.

ఈ వాక్యం దగ్గర పాఠకులు ఒక్క క్షణం ఆగాలని నా మనవి. ఇల్లు కట్టుకోలేదు, విగ్రహం పెట్టించుకోలేదు. మాటలు కొన్నాడు. తన భాషలో పిల్లలు ఆడుకోవడానికి కావలసిన మాటలు!

ఆ భాషలో గోలీని 'అతెసైన్' అంటారు. 'అతె' అంటే తలుపు, 'సైన్' అంటే కాపలా ఉండేవాడు. ఆఫ్‌సైడ్‌ను 'ఆటకు బయట' అనే అర్థం వచ్చే రెండు మాటలతో చెప్తారు. చూడండి, ఎంత తేలిక! పండితులు తల బద్దలు కొట్టుకున్న మాటల్లా లేవు, ఇంట్లో ఉన్న మాటల్నే మైదానానికి తీసుకెళ్ళినట్టున్నాయి. 1979లో బాస్కు భాషకు స్పానిష్‌తోపాటు అధికార హోదా వచ్చింది. 1982 చివరి రోజున బాస్కు టెలివిజన్ ప్రసారాలు మొదలుపెట్టింది. హోదా చట్టంతో వస్తుంది. కాని ఆట జరుగుతుంటే, ఆపకుండా గంటన్నర మాట్లాడాలంటే చట్టం చాలదు, మాటలుండాలి.

మా మనవడు బెంగుళూరులో ఫుట్‌బాల్ ఆడతాడు. ఒకసారి వాణ్ణి ఆట ఎలా జరిగిందిరా అని అడిగాను. వాడు చెప్పిన పది వాక్యాల్లో తెలుగు క్రియలు తప్ప మరో తెలుగు మాట లేదు. "తాతా, వీటికి తెలుగులో మాటలున్నాయా?" అని వాడే అడిగాడు. నా దగ్గర ఉన్నవి చిల్లాకట్టె, చెడుగుడు, తొక్కుడుబిళ్ళ నాటి మాటలు. ఒక్క చిల్లాకట్టెనే కోస్తావాళ్ళు బిళ్ళంగోడు అంటారు. బరంపురంలో, షోలాపురంలో, హోసూరులో ఇంకేమంటారో! అవన్నీ కాగితం మీదికి ఎక్కకముందే ఆ ఆటలాడిన తరం వెళ్ళిపోతోంది.

ఇరిబార్ శిక్షకుడి జీవితం గురించి ఒక్కమాట చెప్పాలి. పైకి చూస్తే అది గొప్పది కాదు. అతనికి ముందటి సమోరా శిక్షకుడిగా మాడ్రిడ్‌లోని ఒక జట్టుకు 1940, 1941లలో వరసగా రెండు లీగ్ విజయాలు తెచ్చాడు. ఇరిబార్‌కు అలాంటి కీర్తి దక్కలేదు. మొదట బిల్బావో కుర్రాళ్ళ జట్టును తీర్చాడు. 1984లో ఆ కుర్రాళ్ళు రెండో శ్రేణి లీగులో రెండోస్థానం తెచ్చుకున్నారు. 1986లో పెద్దజట్టు పగ్గాలు చేతికొచ్చాయి. సరిగ్గా ఆ ఏడే ఆ జట్టు గోలీ సుబిసరెతాను బార్సిలోనా కొనుక్కుపోయింది. గోలీ శిక్షకుడైనప్పుడు గోలీయే లేకపోవడం! ఆ ఏడాది జట్టు 13వ స్థానంలో నిలిచింది. ఒక్క సంవత్సరంతో ఆ పదవి ముగిసింది.

అతను అలిగి ఇంటికి పోలేదు. 2010 దాకా ఏళ్ళ తరబడి, ఇతరులతో కలిసి బాస్కు జట్టుకు శిక్షకుడిగా ఉన్నాడు. ఆ జట్టుకు అంతర్జాతీయ సంఘాల గుర్తింపు లేదు, ప్రపంచకప్పు లేదు. ఎక్కువగా క్రిస్‌మస్ రోజుల్లో స్నేహపూర్వకంగా ఆడే ఆటలే. గెలిస్తే పతకం లేదు, ఓడితే నష్టం లేదు. అయినా ఏటేటా కుర్రాళ్ళను పోగుచేసి నిలబెట్టాడు.

మన బడుల్లో తెలుగు చెప్పే ఉపాధ్యాయుడి పని ఇలాంటిదే అనిపిస్తుంది నాకు. పతకం లేని పని, ఏటేటా చేయాల్సిన పని. జెండా పట్టుకొని నడిచింది కొద్ది నిమిషాలు. నిఘంటువుకు మాటలు ఏరడానికి ఎందరి రోజులో పట్టి ఉంటాయి. భాషను కాచేది రెండోదే. మీ ఊళ్ళో పిల్లలాడే, ఆడి మరిచిన ఆటల మాటలు తెలిసినవారు ఒక కార్డు ముక్కమీద రాసి పత్రికకు పంపండి. చిల్లాకట్టెతో నేను మొదలుపెట్టాను.