కూలి – బహుమానం

ఈ మారు వ్యాకరణాన్ని కొంచెం పక్కన పెట్టి, రెండు మాటలను గురించి మీతో ముచ్చటించాలని ఉంది. అవి ‘కూలి’, ‘బహుమానం’. తరగతిలో పిల్లలకు వీటి భేదం చెప్పడం తేలికే. కూలి ముందుగా మాట్లాడుకొనేది. పని ముగిశాక దానిని అడిగి పుచ్చుకొనే హక్కు ఉంటుంది. బహుమానం ఇచ్చేవారి మనస్సును బట్టి వచ్చేది. దానికి బేరం లేదు. భక్తి జీవితంలో ఈ రెండు మాటలూ ఒకదానితో ఒకటి కలిసిపోతే ఎంతటి బాధ కలుగుతుందో ఇటీవల మా సంఘంలో చూశాను.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి ప్రాంతం. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మద్రాసు రాజధాని నుండి విడిపోయిన నేల ఇది. అయినా ఎన్నో ఇళ్లలోను, ఆరాధనలోను తెలుగు నేటికీ నిలిచి ఉంది. మా మందిరానికి వచ్చే వారిలో ఒక పెద్దావిడ ఉన్నారు. ప్రతి శనివారం సాయంకాలం మందిరం ఊడ్చి, చాపలు పరచి, మంచినీళ్ల కుండ నింపి వెళతారు. ఆ పని ఆమెకు ఎవరూ అప్పగించలేదు, ఎవరూ జీతమివ్వరు. ఆమె కుమారుడు పక్షవాతంతో నాలుగేళ్లుగా మంచం మీద ఉన్నాడు.

ఆ మధ్య జరిగిన కూటాలలో ఒక బోధకుడు, కానుక ఎంత పెద్దదైతే దీవెన అంత పెద్దదని, స్వస్థత కలుగని వారు తాము ఇచ్చినది ఎంతో లెక్క చూసుకోవాలని చెప్పాడు. కూటం ముగిశాక ఆ పెద్దావిడ నా దగ్గరకు వచ్చి మెల్లగా అడిగారు:

“మేస్టారూ, నా కానుక సాలలేదంటారా? అందుకే మా అబ్బాయి లేవలేకపోతన్నాడంటారా?”

నేను పాస్టరును కాను, బడిపంతులును. అయితే ఒక వాక్యాన్ని దాని ముందువెనుకలతో కలిపి చదవాలని ముప్పై ఏళ్లుగా పిల్లలకు చెబుతున్నవాడిని. అందుచేత మార్కు సువార్త పన్నెండవ అధ్యాయం తీసి, బీద విధవరాలి రెండు కాసుల సంగతి ఆమెకు చదివి వినిపించాను. కానుకలను గురించి బోధించేవారు తరచుగా ఎత్తుకొనే భాగమే అది. దానికి సరిగ్గా ముందు ఏమున్నదో గమనించారా? దీర్ఘ ప్రార్థనలు చేస్తూ విధవరాండ్ర ఇళ్లను మింగేసే శాస్త్రులను గురించి జాగ్రత్తపడమని యేసు హెచ్చరించాడు. ఆ హెచ్చరిక వెంటనే ఈ విధవరాలు వస్తుంది. ఆ రెండు కాసులు వేసినందుకు ఆమె ఇల్లు నిండిందని ఎక్కడా వ్రాసి లేదు. ధనవంతులు వేసిన మోతల నడుమ ప్రభువు ఆమెను చూశాడు, శిష్యులను పిలిచి ఆమెను గురించి చెప్పాడు. వ్రాసి ఉన్నది అంతే.

పెద్దావిడ విని, “అయితే ఆయనకి తెలుసన్నమాట” అని లేచి వెళ్లారు. కుమారుని స్థితిలో మార్పేమీ లేదు. ఆ శనివారం కూడా మందిరం ఎప్పటిలాగే శుభ్రంగా ఉంది.

అయితే దేవుడు ప్రతిఫలమివ్వడా అని మీరు అడగవచ్చు. ఇస్తాడనే సువార్త చెబుతున్నది. కాని మన బేరం ప్రకారం కాదు. మత్తయి ఇరవయ్యవ అధ్యాయంలోని ద్రాక్షతోట యజమానిని చూడండి. తెల్లవారినప్పుడు పిలిచిన వారితో రోజుకు ఒక దేనారమని ఒప్పందం చేసుకొన్నాడు. అది ఆ కాలంలో ఒక దినపు కూలి. తరువాత మూడవ గంటకు, ఆరవ గంటకు, తొమ్మిదవ గంటకు, చివరకు పదకొండవ గంటకు కూడా మనుషులను పిలిచాడు. పన్నెండు గంటల పగటిలో పదకొండవ గంట అంటే దాదాపు సూర్యాస్తమయమే. మీ పట్టణంలో కూలీలు నిలబడే కూడలిని ఒకసారి తలచుకోండి. పొద్దు వాలేదాకా ఎవరూ పిలువని మనిషి సోమరి కానక్కరలేదు. అతనికి ఒక్క గంట పనే దొరికినా, ఇంట్లో పిల్లల ఆకలి పూర్తి దినపు ఆకలే. యజమాని అతనికీ దేనారమే ఇచ్చాడు. ముందు వచ్చిన వారికి తగ్గించినదేమీ లేదు. వారి కూలి వారికి అందింది. వెనుక వచ్చిన వారికి బహుమానం దక్కింది.

ఈ భేదాన్ని ఆచరణలో చూపిన సంఘటన మన తెలుగు నేలమీదనే ఉంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో తెలుగువారి మధ్యకు వచ్చి, 1840 నుండి నెల్లూరులో పనిచేశాడు. ఏళ్లు గడిచినా విశ్వాసులు బహు కొద్దిమంది. 1853లో ఆయన ఆరోగ్యం చెడి స్వదేశానికి వెళ్లిపోయాడు. ఆ ఏడే ఈ మిషనును మూసివేయాలా అని అమెరికాలో చర్చ జరిగింది. దానికి ‘ఒంటరి నక్షత్రం’ అని పేరు. 1854 జనవరి 1 వేకువన ఒంగోలులో ఒక కొండమీద అయిదుగురు ప్రార్థించారు. వారు లైమన్ జ్యూయెట్ దంపతులు, తెలుగు విశ్వాసులు జూలియా, రూతు, నర్సు.

1866లో జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడ్డాడు. 1876–78 నాటి ఘోరమైన కరవులో, ఆకలిగొన్నవారికి పని కల్పించడానికి బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకం గుత్తకు తీసుకొన్నాడు. తవ్విన వారికి కూలి కూలిగానే ముట్టింది. తిండి కోసం ఎవరూ సంఘంలో చేరకూడదని ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపివేశారు. సహాయపు పనులు ముగిశాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క దినాననే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు ఊరికి వెలుపల నిలువవలసివచ్చిన మాదిగలు. శామ్యూల్ డే ఆ దినాన్ని చూడలేదు. 1871లోనే కన్నుమూశాడు. మరి ఆయన నమ్మకత్వానికి ప్రతిఫలం రాలేదని అందామా? వచ్చినది ఆయన చేతికి రాలేదు. అంతకంటె చెప్పడం నాకు చేతకాదు.

నా తరగతిలో ఈ ఏడు తొమ్మిది మంది పిల్లలున్నారు. “ఇంతమంది కోసం ఇంత శ్రమ దేనికి మాస్టారూ?” అని అడిగేవారున్నారు. నేను ఉద్యోగ విరమణ చేశాక ఈ తరగతి ఉంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేదు. దేవుడు కూడా అట్టి వాగ్దానం చేసినట్లు నేను చదువలేదు. ఆ తొమ్మిది మందిలో పెద్దావిడ మనుమరాలు ఒకతె. నాయనమ్మకు అక్షరాలు రావు గనుక, రాత్రివేళ తండ్రి మంచం పక్కన కూర్చుండి సువార్త చదివేది ఆ పిల్లే. సంయుక్తాక్షరాల దగ్గర ఇంకా తడబడుతుంది. దానిని నా శ్రమకు కూలి అని అనలేను. ఆ ఇంటికి వెళ్లినప్పుడు విని సంతోషిస్తాను.

పాఠకులారా, మీ సంఘంలో ఎవరైనా దేవుని దీవెనకు ధర కడితే, భయపడకండి. ఆయన చూపిన వచనానికి పై వచనాలు కూడా చదవమని మర్యాదగా అడగండి. చదవడం వచ్చినందుకు మనం చేయదగిన సేవ అది. మందిరం ఊడ్చేవారు, చాపలు పరచేవారు మీ ఊరిలోనూ ఉంటారు. వారిలో చదువు రానివారికి ఆ పేజీ మీరే తీసి చదివి పెట్టండి.