ఉప్పు నేల మీద ఇనుప బండి

ఇంగ్లండు వాయవ్య భాగంలోని చెషైర్ పచ్చిక బయళ్లకూ, పాడి ఆవులకూ, జున్నుకూ పేరు పొందిన ప్రాంతం. రైలు కిటికీలోనుంచి చూచేవారికి అక్కడ కనిపించేవి చదునైన పొలాలు, కంచెలుగా పెంచిన పొదలు, తొందర లేకుండా సాగిపోయే వీవర్ నది. ఆ ప్రాంతపు అసలు సంపద మాత్రం కంటికి కనిపించదు. అది నేల అడుగున ఉన్నది. కోట్ల సంవత్సరాల క్రితం అక్కడ నిలిచి ఆవిరైపోయిన ఉప్పునీరు దళసరి ఉప్పు పొరలుగా మిగిలిపోయింది. మిడిల్‌విచ్ పట్టణాన్ని రోమనులు ‘సాలినే’ అని పిలిచారు. ఉప్పు పండించే చోటు అని దాని భావం. దాని పొరుగున ఉన్న నార్త్‌విచ్, నాంట్‌విచ్ కూడా ఉప్పు మీద బ్రతికిన ఊళ్లే.

ఆ సంపదకు చెషైర్ మూల్యం చెల్లించుకున్నది. పందొమ్మిదవ శతాబ్దంలో నేల అడుగునుంచి ఉప్పునీటిని విచ్చలవిడిగా తోడినందువల్ల నార్త్‌విచ్ వీధులు కుంగిపోయినవి, ఇళ్లు ఒరిగిపోయినవి. తరువాతి కాలంలో అక్కడ అనేక భవనాలను కొయ్య చట్రాలతో నిర్మించారు. నేల దిగిపోయినప్పుడల్లా మొత్తం భవనాన్ని జాకీలతో పైకి ఎత్తవచ్చునని ఆ ఏర్పాటు. విన్స్‌ఫర్డ్ వద్ద కుంగిన నేలలో నీరు నిండి, పెద్ద తటాకాలు ఏర్పడినవి. అడుగు సంగతి మరచినవారికి పైన నిలకడ ఉండదన్న పాఠాన్ని ఈ ప్రాంతం తన వీధులలోనే నేర్చుకున్నది.

విన్స్‌ఫర్డ్‌లోని ఉప్పు గనిని 1844లో తెరిచారు. బ్రిటన్‌లోని ఉప్పు గనులలో ఇదే పెద్దది. భూమికి సుమారు 150 మీటర్ల లోతున, ఉప్పునే స్తంభాలుగా వదలిపెడుతూ తొలిచిన విశాలమైన సొరంగాలు మైళ్ల కొద్దీ సాగిపోతాయి. అక్కడ దొరికే ఉప్పు వంటింటి ఉప్పులా తెల్లగా ఉండదు. మట్టి కలిసి గోధుమ రంగులో ఉంటుంది. దీనిలో అధిక భాగం చేరేది రోడ్ల మీదికే. చలికాలపు రాత్రి నీరు గడ్డకట్టే సూచన కనిపించగానే లారీలు బయలుదేరి, చదరపు మీటరుకు పది, ఇరవై గ్రాముల చొప్పున ఉప్పు చల్లుతూ పోతాయి. ఉప్పు కలిసిన నీరు సున్నా డిగ్రీల వద్ద గడ్డకట్టదు. తెల్లవారేసరికి రోడ్డు నల్లగా, తడిగా, వాహనాలకు సురక్షితంగా ఉంటుంది. ఈ ఉప్పు ఏటా ఎందరి ప్రాణాలనో కాపాడుతున్నదనడంలో సందేహం లేదు. అయితే అదే ఉప్పునీరు చక్రాల తాకిడికి పైకి చిమ్మి, వాహనాల అడుగుభాగాన్ని కొడుతుంది.

క్రొత్త కార్లకు అది అంత పెద్ద సమస్య కాదు. వాటి రేకులకు కార్మాగారంలోనే జింకు పూతలు, రసాయనపు పూతలు పడి ఉంటాయి. ఆ రక్షణ అంతగా ఎరుగని పాత వాహనాలకే కష్టం. వాటిలో బ్రిటిష్ ప్రజల అభిమానాన్ని అత్యధికంగా చూరగొన్నది ఫోక్స్‌వ్యాగన్ వ్యాను. 1947 ఏప్రిల్ 23న బెన్ పాన్ అనే డచ్చి వ్యాపారి తన చిన్న నోటు పుస్తకంలో గీసిన పెట్టె వంటి బొమ్మ నుండి అది పుట్టింది. 1950లో జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లోనూ, 1956 నుండి హానోవర్‌లోనూ తయారైంది. ముందు అద్దం రెండు ముక్కలుగా ఉన్న బండ్లు 1967తో ఆగిపోయినవి. ఒకే పెద్ద అద్దంతో వచ్చినవి జర్మనీలో 1979 వరకు సాగినవి. లోపల మంచం, పొయ్యి అమర్చుకొని సముద్రతీరాలకు విహారం పోయే కుటుంబాలకు అది నడిచే ఇల్లు.

ఈ వ్యానుకు లారీకి ఉన్నట్లు విడిగా బలమైన ఛాసిస్ లేదు. నేల రేకు, దానికి వెల్డింగు చేసిన దూలాలు, తలుపుల కింద బోలుగా ఉండే గడప దూలాలు అన్నీ కలిసి బండి బరువును మోస్తాయి. ఇవి తిన్నంతకాలం తుప్పు బయటికి కనిపించదు. పైన రెండు రంగుల నిగనిగలు, మెరిసే కంచుకాలు ఉంటాయి. కింద జాకీ ఆనించిన చోట రేకు బిస్కట్టులా విరిగిపోతుంది. అలాంటి బండి ప్రమాదానికి గురి అయితే లోపలివారిని కాపాడవలసిన దూలం అక్కడ ఉండదు.

ఇనుముకు ఉప్పు శత్రువు అనే మాట సగమే నిజం. విన్స్‌ఫర్డ్ గని లోపలనే దీనికి విచిత్రమైన ఉదాహరణ ఉన్నది. తవ్వకం పూర్తి అయిన కొన్ని సొరంగాలను 1998 నుండి దస్తావేజుల భాండాగారంగా వాడుతున్నారు. బ్రిటిష్ జాతీయ అభిలేఖాలయం తన పాత పత్రాలను కొన్నింటిని అక్కడే దాచింది. ఏడాది పొడుగునా మారని వేడిమి, పొడి గాలి ఉన్నందువల్ల చుట్టూ ఉప్పు గోడల మధ్య కాగితం చెక్కుచెదరకుండా ఉంటుంది. నీటి చుక్క తోడైనప్పుడే ఉప్పు విధ్వంసకారి అవుతుంది. తడి, గాలిలోని ప్రాణవాయువు, ఇనుము కలిస్తే తుప్పు పుడుతుంది. ఉప్పు ఆ తడిలో విద్యుత్తు సులభంగా ప్రవహించేట్లు చేసి ఆ పనిని త్వరితపరుస్తుంది. విశాఖపట్నం తీరాన ఇళ్లు కట్టుకున్నవారికి, కిటికీ ఊచల మీద ఎర్రని పొరను ఏటా గీకేవారికి, ఈ సూత్రం అనుభవసిద్ధమే.

కనుక వ్యాను అడుగుభాగాన్ని రక్షించడమంటే నీటికి చోటు లేకుండా చేయడం. పూర్వం చాలామంది దీనిని తలక్రిందులుగా అర్థం చేసుకున్నారు. తారు వంటి నల్లని ముద్దను అడుగంతా దట్టంగా పూసి నిశ్చింతగా ఉండేవారు. కొన్ని సంవత్సరాలకు ఆ ముద్ద ఎండి, గట్టిపడి, బీటలు వారుతుంది. బీటలోనుంచి లోపలికి పోయిన ఉప్పునీరు మరి బయటికి రాదు. పై పొర చెక్కు చెదరనట్లే ఉంటుంది. దాని వెనుక ఇనుము నిశ్శబ్దంగా కరిగిపోతుంది. పాత బండిని అమ్మబోయే ముందు తుప్పును కప్పిపుచ్చడానికి ఈ ముద్దనే వాడిన వ్యాపారులూ లేకపోలేదు. అందువల్ల అనుభవజ్ఞుడైన కొనుగోలుదారు క్రొత్తగా నల్లరంగు వేసిన అడుగును చూచి సంతోషించడు, అనుమానిస్తాడు.

సక్రమమైన పని పూయడంతో కాక, గీకడంతో మొదలవుతుంది. బండిని బలమైన స్టాండ్ల మీద నిలుపుతారు. ఒక్క జాకీని నమ్మి దాని కింద దూరడం ప్రాణాంతకం. కొందరు ఇంజను, చక్రాలు విప్పి, బండిని పక్కకు తిప్పగల ఉక్కు చట్రంలో బిగిస్తారు. వేడిగాలితో పాత ముద్దను మెత్తబరచి, గీకుడు రేకుతోనూ, తీగ బ్రష్షుతోనూ లోహం బయటపడేవరకు తొలగిస్తారు. పాత రంగులలో సీసం ఉండవచ్చు గనుక ముక్కుకు తగిన ముసుగు తప్పనిసరి. చిల్లులు పడిన చోట అతుకు మీద అతుకు వేయరు. కుళ్లిన భాగాన్ని ఆరోగ్యమైన రేకు వరకు కోసివేసి, క్రొత్త రేకును వెల్డింగు చేస్తారు.

తరువాత జిడ్డు తుడిచి, ఆలస్యం చేయక ఎపాక్సీ ప్రైమర్ రెండు పూతలు వేస్తారు. రేకులు కలిసే ప్రతి అతుకునూ సాగే గుణమున్న సీలర్‌తో మూస్తారు. చక్రాల పైకప్పులకు, రాళ్లు ఎగిరి తగిలే చోట్లకు, రబ్బరు వలె సాగే గట్టి పూత పూస్తారు. దాని పైన చాలామంది నల్లరంగు మాని, బండికి పైన ఉన్న రంగునే వేస్తారు. లేత రంగు మీద తుప్పు మచ్చ పుట్టిన నాడే కనిపిస్తుంది. చివరకు గడప దూలాల లోపలికి సన్నని గొట్టంతో ద్రవరూపమైన మైనాన్ని చిమ్ముతారు. ఆ దూలాల అడుగున నీరు కారిపోవడానికి ఉన్న చిన్న రంధ్రాలను మాత్రం ఎన్నడూ మూయరాదు. ఎంత మంచి పూత వేసినా ఎక్కడో ఒకచోట నీరు చేరుతుంది. అది వెళ్లిపోవడానికి దారి ఉండవలెను.

ఈ జాగ్రత్తకు ఇప్పుడు మరొక కారణం ఏర్పడింది. 2018 మే నుండి బ్రిటన్‌లో నలభై సంవత్సరాలు నిండిన కార్లకు, పెద్ద మార్పులు చేయనంతవరకు, వార్షిక పరీక్ష తప్పనిసరి కాదు. హానోవర్ నుండి వచ్చిన ఒకే అద్దపు వ్యాన్లలో చివరివి కూడా ఆ వయస్సు దాటినవి. ఇదివరలో ఏడాదికి ఒకసారి పరీక్షకుడు దీపం పట్టుకొని బండి కింద చూచేవాడు. ఇక ఆ దీపం పట్టుకోవలసినవాడు యజమానియే. చట్టం పరీక్షను మినహాయించిందే గాని, బాధ్యతను మినహాయించలేదు. అందుకే వివేకవంతులు కొందరు అవసరం లేకపోయినా డబ్బు చెల్లించి పరీక్ష చేయించుకుంటున్నారు.

చలికాలం రాగానే అటువంటివారు తమ వ్యాన్లను రోడ్డు మీదికి తీయరు. గాలి ఆడే షెడ్డులో నిలుపుతారు. తడి బండిని వెచ్చని గదిలో మూసిపెడితే తుప్పు మరింత చురుకుగా పనిచేస్తుందని వారికి తెలుసు. ఉప్పు లారీలు విశ్రమించి, వసంతపు వానలు రోడ్లను కడిగివేసిన తరువాత బండి బయలుదేరుతుంది. తిరిగి వచ్చిన నాడు పైభాగాన్ని మెరిపించడానికి ముందు, గొట్టం తీసుకొని అడుగుభాగాన్ని మంచినీటితో కడుగుతారు. దారిన పోయేవారు మెచ్చుకొనేది పై రంగునే. కుటుంబాన్ని మోసుకొని సముద్రతీరానికి తీసుకుపోయి, క్షేమంగా ఇంటికి చేర్చేది మాత్రం ఎవరూ వంగి చూడని ఆ కింది రేకే.